ఎంటర్ కొడితే ఏమీ పోదు

బీరువా మీద పడున్న పాత ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్, నల్ల తెర మీద వరుసగా పది పదిహేను ప్రశ్నలు. కొత్తవలసలో ఒక పాత మిషన్ మళ్లీ పనిలోకి వచ్చిన కథ

కొత్తవలస లాంటి ఊళ్లో ఇప్పుడు పాత ల్యాప్‌టాప్ దొరకని వీధి ఉండదు. అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు అప్పు చేసి కొన్నది. చదువయింది, అబ్బాయి వైజాగో హైదరాబాదో వెళ్లిపోయాడు, కంపెనీ వాళ్లు ఇచ్చిన కొత్తది వాడుకుంటున్నాడు. పాతది ఇంట్లో ఉండిపోయింది. ఛార్జర్ వైరు చుట్టి, బ్యాగులో పెట్టి, బీరువా మీదికి ఎక్కించారు. అంత డబ్బు పోసి కొన్నదాన్ని పారేయడానికి మనసొప్పదు. పోనీ తీసి వాడదామా అంటే, ఆన్ చేశాక బొమ్మలు కనబడే సరికి పొయ్యి మీద కూర ఉడికిపోతుంది.

దానికి తోడు 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. అదనపు గడువు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి, అదీ కొంతకాలమే. విండోస్ 11కి వెళ్దామంటే అది కొన్ని షరతులు పెడుతుంది: కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పై ప్రాసెసర్. 2017కు ముందు కొన్న మిషన్లలో దాదాపు అన్నీ ఈ గడప దగ్గరే ఆగిపోతాయి. వాటి కీబోర్డు బాగానే ఉంటుంది, తెర బాగానే వెలుగుతుంది. వాటి కోసం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు మాత్రం వాటిని దాటిపోయారు.

ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి, లెక్క రాసి రీసైకిల్ చేసింది 22.3 శాతం. చెత్తగా మారిన తర్వాత ఏం చేయాలో చెప్పడానికి మనకు 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి. చెత్త కాకుండా ఆపడం మాత్రం ఇంట్లో వాళ్ల చేతిలో పని. అందుకు కావలసినది తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని ఎక్కించడం ఇంటర్ చదివే పిల్లలకు కూడా సాధ్యమేనని నా గట్టి నమ్మకం. ఈ కథనం రాయడానికి కారణం అదే.

తేలిక అంటే ఎంత తేలిక

లినక్స్ పేరు చాలామంది విన్నదే. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నెల్ చుట్టూ వందల రకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు అల్లుకున్నాయి. పాత మిషన్ల కోసం నేను ఎక్కువగా చెప్పేది ఆల్పైన్ లినక్స్ గురించి. నటానియెల్ కోపా 2005 ప్రాంతంలో మొదలుపెట్టింది. అప్పట్లో అది రౌటర్లు, చిన్న చిన్న నెట్‌వర్క్ పెట్టెల కోసం. తర్వాత పెద్ద పెద్ద సర్వర్లలో ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపేవాళ్లకు దాని చిన్న సైజు నచ్చింది. ఈ రోజు మన ఫోన్లో తెరిచే ఎన్నో సేవల వెనక ఎక్కడో ఒకచోట ఆల్పైన్ నడుస్తూ ఉంటుంది. దాని తయారీదారులు చెప్పే లెక్క ఇది: కంటైనర్‌లో 8 ఎంబీకి మించదు, డిస్క్ మీద కనీస స్థాయిలో ఎక్కిస్తే 130 ఎంబీ సరిపోతుంది. పెళ్లి వీడియోలో పట్టుమని పది నిమిషాల ముక్క కూడా అంతకంటే ఎక్కువ చోటు తింటుంది.

ఇంత చిన్నగా ఉండటానికి ఒక పాత కారణం ఉంది. 1995లో డెబియన్ లినక్స్‌ను ఎక్కించే సరంజామా అంతా ఒకే ఫ్లాపీలో పట్టాలని బ్రూస్ పెరెన్స్ అనే ఆయన పట్టుబట్టారు. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. ఫైళ్లు కాపీ చేయడం, పేరు మార్చడం, వెతకడం, డిస్క్ తగిలించడం, ఇలాంటి పనులకు ఒక్కోదానికి ఒక్కో ప్రోగ్రాం పెడితే ఆ ఫ్లాపీలో పట్టవు. అందుకని అన్నిటినీ ఒకే ప్రోగ్రాంగా కుదించారు. దాని పేరు బిజీబాక్స్. ఫ్లాపీలు పోయాయి, బిజీబాక్స్ ఉండిపోయింది. ఆల్పైన్ దాని మీదే నిలబడి ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించడానికే పుట్టిన పనిముట్టు, ముప్పై ఏళ్ల తర్వాత కొత్తవలసలో అదే పనికి చేతికొచ్చింది.

ఆ ల్యాప్‌టాప్

మా అప్ప ఇల్లు కొత్తవలసలో. మేనకోడలు పాలిటెక్నిక్ చదువుతోంది. అన్న వదిలిపెట్టి వెళ్లిన ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్క్. ప్రోగ్రామింగ్ ప్రాక్టీసు ఫోన్ మీద చేయలేక దాన్ని కిందికి దింపింది.

ముందు ఆల్పైన్ ఫైలు దించుకున్నాం. కొన్ని వందల ఎంబీలే, ఫోన్ డేటాతోనే వచ్చేసింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనికిరాదు. రూఫస్, ఎచర్ లాంటి ప్రోగ్రాంతో రాయాలి. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది తీసుకోవాలి. తర్వాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ మీటల్లో ఏదో ఒకటి వరసగా నొక్కుతూ ఉంటే, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ చూపించాలి. కొంచెం కొత్త మిషన్లయితే బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అసలు పని కంటే ఈ తలుపు తెరుచుకోవడమే కష్టం కనుక.

తలుపు తెరుచుకుంది. తెర మీద తెల్ల అక్షరాలు జలజలా కిందికి జారి, చివరికి లాగిన్ అన్న ఒక్క మాట దగ్గర ఆగాయి. బొమ్మల్లేవు, మౌస్ బాణం లేదు.

“ఏటి మావయ్యా, ఇంతేనా? పాడైపోనాదా?”

పాడవలేదు. రూట్ అని కొట్టి ఎంటర్ నొక్కమన్నాను. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడు దానికి పాస్‌వర్డ్ ఉండదు. లోపలికి వెళ్లాక కొట్టాల్సిన ఆదేశం ఒక్కటే: సెటప్-ఆల్పైన్. అక్కడి నుంచి అది అడుగుతుంది, మనం చెబుతాం.

అది అడిగే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. దాదాపు ప్రతి ప్రశ్న చివర చదరపు బ్రాకెట్లలో ఒక జవాబు ముందే రాసి ఉంటుంది. నీకు తెలిస్తే నీ జవాబు కొట్టు, తెలియకపోతే ఊరికే ఎంటర్ కొట్టు, నేను ఇది అనుకుంటాను అని దానర్థం. మన ఊళ్లలో కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్లను వెనక్కి లాగేది ఏదైనా నొక్కితే ఏదైనా అయిపోతుందేమో అన్న భయం. ఈ బ్రాకెట్ ఆ భయానికి మొదటి మందు.

మొదటి ప్రశ్న కీబోర్డు గురించి. మన దేశంలో అమ్మే కీబోర్డుల అమరిక అమెరికాదే కాబట్టి యూఎస్ అని రెండుసార్లు చెప్పాం. తర్వాత మిషన్‌కి పేరు పెట్టమంది. ఊరి పేరు పెడతానంది మా పిల్ల. ఇక్కడ ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేవీ కుదరవు. కాసేపు ఆలోచించి రైల్వే వాళ్ల కోడ్ కొట్టింది: కేటీవీ. కొత్తవలస జంక్షన్ టికెట్ మీద కనబడేది అదే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో జపాన్ సాయంతో వేసిన కిరండూల్ లైను మెయిన్ లైను నుంచి విడిపోయేది ఈ స్టేషన్‌లోనే. అరకు వెళ్లే రైలు ఎక్కినవాళ్లందరికీ తెలిసిన మలుపు. ఆ రోజు నుంచి ఆ ల్యాప్‌టాప్‌లో ఏ ఆదేశం కొట్టబోయినా గీత ముందు కేటీవీ అని కనబడుతుంది. పిల్లకి ఆ మిషన్ మీద మొదటిసారి సొంతమన్న భావం కలిగింది అక్కడే అనిపించింది నాకు.

నెట్‌వర్క్ ఏదని అడిగింది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేశాం, జాబితాలో యూఎస్‌బీ0 అని కొత్తగా వచ్చి చేరింది. అది చెప్పి, చిరునామా సంగతి బ్రాకెట్లో ఉన్న డీహెచ్‌సీపీకే ఒప్పజెప్పాం. పాత ల్యాప్‌టాపుల్లో కొన్ని వైఫై చిప్‌లకు వాటి కంపెనీ ఫర్మ్‌వేర్ విడిగా కావాలి, మొదట్లో అవి పలకవు. అందుకే ఎవరడిగినా ఫోన్ కేబుల్ దగ్గర పెట్టుకోండని చెబుతాను.

తర్వాత పాస్‌వర్డ్. కొట్టింది. తెర మీద ఏమీ పడలేదు. మళ్లీ కొట్టింది. చుక్కల్లేవు, నక్షత్రాల్లేవు, గీత కూడా కదల్లేదు.

“ఏటీ పడ్డం నేదు మావయ్యా, కీబోర్డు పోనాదేమో!”

కీబోర్డు పోలేదు. పాస్‌వర్డ్ పొడవు ఎంతో కూడా పక్కనున్న వాళ్లకి తెలియకూడదని యూనిక్స్ కాలం నుంచీ ఉన్న కట్టుబాటు అది. అక్షరాలు లోపలికి వెళుతూనే ఉంటాయి. మొదటిసారి చూసేవాళ్లు నూటికి తొంభై మంది ఇక్కడ కంగారు పడతారు. ఇలాంటి చోట ఏ పుస్తకమూ పనికిరాదు, పక్కన ఒక మనిషి కూర్చుని ఉండాలి.

టైమ్‌జోన్ అడిగితే ఆసియా అని, ఆ తర్వాత కోల్‌కతా అని చెప్పాలి. విజయనగరం జిల్లాలో కూర్చుని కోల్‌కతా ఎందుకంటుంది మా పిల్ల. ప్రపంచం మొత్తం వాడే ఆ కాలమానాల పట్టికలో ఒక్కో మండలానికి ఒక్కో నగరం పేరు పెట్టుకున్నారు, మన దేశం మొత్తానికి దక్కింది కోల్‌కతా. గ్రీనిచ్‌కి అయిదున్నర గంటలు ముందు అన్న లెక్క కొత్తవలసకైనా అంతే. ఈ ప్రశ్న దగ్గర ఇంకో పని చూసుకోవాలి. ఏళ్ల తరబడి బీరువా మీదున్న మిషన్లలో తేదీని నిలబెట్టే గుండ్రటి సెల్లు చచ్చిపోయి ఉంటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పదేళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకోవు, వాటి భద్రతా పత్రాలు ఇంకా అమల్లోకి రాలేదని అది అనుకుంటుంది. నెట్‌లో ఏదో తేడా అనుకుని జనం రౌటర్లు మార్చుకుంటూ ఉంటారు. సీఆర్2032 అని అడిగితే వాచీల కొట్లో దొరుకుతుంది ఆ సెల్లు.

ప్రాక్సీ వద్దన్నాం. ప్యాకేజీలు ఏ సర్వర్ నుంచి తేవాలంటే, ఎఫ్ అని కొడితే వేగంగా ఉన్నదాన్ని అదే వెతుక్కుంటుంది. వాడుకరి పేరు అడిగితే మా పిల్ల తన పేరు ఇచ్చింది. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కావాలా అంటే ఇంట్లో వాడే మిషన్‌కి వద్దని నా సలహా. అక్కర్లేని తలుపు పెట్టుకోవడం ఎందుకు.

డిస్క్ ప్రశ్న

ఇక్కడిదాకా చెప్పిన జవాబులేవీ హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోలేదు. జరిగిందంతా ర్యామ్‌లోనే. కరెంటు తీసేస్తే మిషన్ ఎప్పటిలాగే పాత విండోస్‌తో లేస్తుంది. అసలు ప్రశ్న ఇప్పుడొచ్చింది: ఏ డిస్క్ వాడమంటారు? ఎస్‌డీఏ అన్న పేరు, పక్కన 320 జీబీ అని సైజు, తయారు చేసిన కంపెనీ పేరు. బ్రాకెట్లో ఉన్న జవాబు చూడండి: నన్. అంటే ఏదీ వద్దు.

డిస్క్ పేరు మనమే కొట్టాలి. కొట్టాక ఎలా వాడమంటారని అడుగుతుంది, మామూలుగా ఇంట్లో వాడుకునేదానికి సిస్ అని చెప్పాలి. అప్పుడు చివరి హెచ్చరిక: ఈ డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేసి ముందుకు పొమ్మంటారా? అవునంటే వై, కాదంటే ఎన్. బ్రాకెట్లో ఉన్నది ఎన్.

చదవకుండా, అర్థం కాకుండా, మొదటి నుంచి చివరిదాకా ఎంటర్ మాత్రమే కొట్టుకుంటూ పోయినా ఈ ఇన్‌స్టాలర్ డిస్క్ మీద ఒక్క అక్షరం చెరపదు. చెరపాలంటే మనిషి రెండుసార్లు తన చేత్తో మాట ఇవ్వాలి, ఒకసారి డిస్క్ పేరు, ఇంకోసారి వై. నల్ల తెర అంటే ప్రమాదం, రంగురంగుల తెర అంటే క్షేమం అని మనకి ఎవరో ఎప్పుడో చెప్పేశారు. ఫోన్లలో చూడండి, పెద్ద పచ్చ బటన్ నొక్కితే ఏం ఒప్పుకున్నామో తెలియకుండానే అన్నీ ఒప్పేసుకుంటాం. ఇక్కడ అడిగిన ప్రశ్న ప్రతిదీ తెర మీదే ఉంది, చెప్పిన జవాబు దాని పక్కనే ఉంది. ఎక్కడ ఏం చెప్పామో పైకి చూసి సరిపోల్చుకోవచ్చు. కంప్యూటర్ అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. దానికో పేరు, ఒక యజమాని, ఒక కాలం, బయటికి ఒక దారి, దాచుకోవడానికి ఒక చోటు. క్లాసులో ఒక టర్మంతా చెప్పే సంగతులు.

మా పిల్ల వై కొట్టబోతుంటే వంటింట్లోంచి మా అప్ప పరిగెత్తుకొచ్చింది.

“ఒరే ఒరే, ఆగరా! అందులో పెద్దోడి చిన్నప్పటి ఫోటోలున్నాయి, అవన్నీ ఎల్లిపోతాయేటి?”

ఎన్ కొట్టి ఆగిపోయాం. మళ్లీ విండోస్‌లోకి వెళ్లి, ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఎక్కడో లోపల ఫోల్డర్‌లో ఉన్న పొలం కాగితాల కాపీ, అన్నీ వేరే డ్రైవ్‌లోకి ఎక్కించాకే మళ్లీ కూర్చున్నాం. ఈసారి ప్రశ్నలకు జవాబులన్నీ తనే చెప్పింది, నన్ను అడగలేదు. వై కొట్టాక డిస్క్ లైటు మిణుకుమిణుకుమంటూ కొన్ని నిమిషాలే వెలిగింది. ఇన్‌స్టాలేషన్ పూర్తయింది, రీబూట్ చేయండి అంది. పెన్‌డ్రైవ్ తీసేశాం.

ఆ తర్వాత బొమ్మల తెర. దానికి సెటప్-డెస్క్‌టాప్ అని ఇంకో ఆదేశం ఉంది. గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే లాంటివాటిలో ఏది కావాలో అడుగుతుంది. పాత మిషన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ చాలు. ఫైర్‌ఫాక్స్ దాంతోపాటే వస్తుంది. 2 జీబీలో సగానికి పైగా ఖాళీగానే ఉండటం చూసి మా పిల్ల సంబరపడింది.

తెలుగు ఎక్కడ మొదలవుతుంది

ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు పేజీ తెరిస్తే అన్నీ ఖాళీ డబ్బాలు. ఖతి, అంటే ఫాంట్, లేదు. తేలిక కోసం ఆల్పైన్ వాళ్లు అడగనిది ఏదీ పెట్టరు, అందులో తెలుగూ ఒకటి. నోటో తెలుగు ఖతి ప్యాకేజీ ఒక్క ఆదేశంతో వచ్చింది, డబ్బాలన్నీ అక్షరాలయ్యాయి. అంతటితో ఆగలేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఖతుల్లో గురజాడ, గిడుగు అని రెండున్నాయి. ఇద్దరూ ఈ నేల మనుషులే. కన్యాశుల్కం గురజాడది విజయనగరం, ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు, ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఖతి ఫైళ్లు దించి ఫాంట్స్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు. గురజాడ ఖతిలో కొత్తవలస అని పెద్ద అక్షరాలతో కొట్టుకుంది మా పిల్ల. త కింద త వత్తు తన చోట తాను కూర్చుంది.

ఆ వత్తే నల్ల తెర మీద కూర్చోదు. లినక్స్ టెక్స్ట్ కన్సోల్ ఒకేసారి పట్టుకోగలిగే అక్షర రూపాలు 512కి మించవు, గడికి ఒక అక్షరం చొప్పున పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. గుడి పైకి, వత్తు కిందికి, రెండూ కలిసి ఒక రూపంగా మారడం దానికి చేతకాదు. అందుకే డెబియన్ ఇన్‌స్టాలర్‌ని మనవాళ్లు ఎంతో ఓపికగా తెలుగులోకి తెచ్చినా, ఆ తెలుగు బొమ్మల ఇన్‌స్టాలర్‌లోనే కనబడుతుంది. టెక్స్ట్ ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో తెలుగుకి చోటు లేదు.

మనవాళ్లు చేసిన పని తక్కువేం కాదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ అనే సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. మెనూలు, సందేశాలు తెలుగులో రావాలని ఇంజినీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులు సాయంత్రాలు కూర్చుని వేల వాక్యాలు అనువదించారు. బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చారు. సీడాక్ చెన్నై కేంద్రం తయారుచేసిన బాస్ లినక్స్ 2007లో వచ్చింది, అందులోనూ తెలుగు ఉంది. ఇంత జరిగినా, ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిన తర్వాత పలికే తెలుగు అది. ఎక్కించే చోట, పిల్ల చెయ్యి వణికే చోట, డిస్క్ ప్రశ్న ముందు, ఇప్పటికీ ఇంగ్లిషే. బడిలో పిల్లలకు వాళ్లు మాట్లాడే తెలుగులో పాఠం ఉండాలని గిడుగు జీవితమంతా పోరాడారు. ఆ పోరాటానికి ఈ కాలంలో మిగిలిపోయిన మూల ఇది అని నా ఉద్దేశం.

తెర మీద కుదరకపోతే కాగితం మీద కుదురుతుంది. ప్రశ్నలు ఎన్నో లేవు, ఎప్పుడూ ఇంచుమించు అదే వరసలో వస్తాయి. మా మేనకోడలు రెండోసారి జవాబులు చెబుతున్నప్పుడే నోటుపుస్తకంలో ఒక పేజీ రాసుకుంది. ఎడమ పక్క తెర మీద వచ్చే ఇంగ్లిషు ప్రశ్న ఉన్నదున్నట్టు, కుడి పక్క దానర్థం, మనం కొట్టాల్సింది. పాస్‌వర్డ్ దగ్గర “ఏటీ పడదు, కంగారు పడకండి” అని రాసింది. డిస్క్ దగ్గర ఎర్ర పెన్నుతో “ఫోటోలు తీసీసారా?” అని. నేను చదివిన ఏ ఇంగ్లిషు మార్గదర్శినిలోనూ ఇంత పనికొచ్చే రెండు వాక్యాలు లేవు.

తెలుగు టైపింగ్‌కి వేరే ప్రోగ్రాం అక్కర్లేదు. కీబోర్డు అమరికల్లో ఇండియన్ కింద తెలుగు ఎంచుకుంటే 1991లో మన ప్రభుత్వం ప్రమాణంగా తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఫోన్లో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైన పిల్లలకు మొదటి వారం విసుగ్గానే ఉంటుంది. నేర్చుకుంటే మాత్రం ఏ మిషన్ ముందు కూర్చున్నా చేతికి తెలుగు వచ్చేస్తుంది.

ఎవరికి పనికిరాదు

ఈ పద్ధతి అందరికీ సరిపోదు. ట్యాలీలో లెక్కలు రాసే కొట్టుకి విండోస్ కావాలి. జంక్షన్‌లో శుభలేఖలు, ఫ్లెక్సీలు కొట్టే డీటీపీ వాళ్ల పని అంతా అనూ ఖతుల మీద, పేజ్‌మేకర్, ఫోటోషాప్ మీద నడుస్తుంది. ఆ ఖతులు యూనికోడ్ కావు, ఆ పని ఇటు రాదు. వాళ్ల మిషన్ జోలికి పోవద్దు.

ఆల్పైన్‌కే ఉన్న ఇంకో ఇబ్బంది చెప్పాలి. చిన్నగా ఉండటం కోసం అది మిగతా లినక్స్‌లలో ఎక్కువ భాగం వాడే జీలిబ్‌సీ బదులు మజిల్ అనే చిన్న లైబ్రరీ వాడుతుంది. అందువల్ల గూగుల్ క్రోమ్, జూమ్ లాంటి కంపెనీ ప్రోగ్రాములు నేరుగా ఎక్కవు. ఆన్‌లైన్ క్లాసు కోసం జూమ్ తప్పనిసరైతే డెబియన్ మీద ఎల్ఎక్స్‌క్యూటీ గానీ, యాంటీఎక్స్ గానీ, లుబుంటు గానీ చూసుకోవాలి. పదిహేనేళ్లు దాటిన 32 బిట్ మిషన్లకి దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఆల్పైన్ ఇంకా ఇస్తోంది.

2 జీబీ మిషన్‌లో బ్రౌజర్ ట్యాబులు పదేసి తెరిస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాపాడలేదు. ఈ రోజుల్లో బరువంతా వెబ్‌సైట్లది. పైథాన్, సీ ప్రోగ్రాములు రాసుకోవడం, లిబ్రేఆఫీసులో రికార్డులు తయారుచేసుకోవడం, పీడీఎఫ్‌లు చదువుకోవడం, ఇలాంటి చదువు పనులకు మాత్రం మా మేనకోడలి కేటీవీ నిక్షేపంగా సరిపోతోంది. సాధ్యమైతే హార్డ్‌డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించమంటాను. పాత మిషన్ మీద డబ్బు పెట్టేటట్టయితే అన్నిటికంటే ఫలితమిచ్చేది అదే.

ఒక హాలు చాలు

దక్షిణాదిలోనే కేరళ ఉంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో ఐటీ ఎట్ స్కూల్ పేరుతో 2001లో మొదలై, ఇప్పుడు కైట్ అన్న సంస్థగా నడుస్తున్న వ్యవస్థ, తన సొంత లినక్స్ తయారు చేసుకుని బడులకు ఇస్తోంది. 2019లో కొత్త సంచిక తెచ్చినప్పుడు 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో వాడతామని, అందువల్ల 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయని ప్రకటించారు. ఆ డబ్బు సంగతి అలా ఉంచితే, అక్కడి ఉపాధ్యాయులు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తామే ఎక్కించుకోవడం నేర్చుకున్నారు. మనకి అంత పెద్ద ఏర్పాటు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

లినక్స్ వాడేవాళ్లలో తొంభైల నుంచీ ఒక సంప్రదాయం ఉంది, ఇన్‌స్టాల్ ఫెస్ట్ అంటారు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు మిషన్లు పట్టుకుని ఒకచోట చేరతారు. తెలిసినవాళ్లు కీబోర్డు ముట్టుకోకూడదు, పక్కన కూర్చుని చెప్పాలి. విజయనగరంలో గురజాడ పేరుతో 2022లో సాంకేతిక విశ్వవిద్యాలయమే ఏర్పడింది. దాని చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు ఎన్నో ఉన్నాయి. వాటిలో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు నెలకో ఆదివారం కొత్తవలసకో ఎస్.కోటకో గజపతినగరానికో వచ్చి హైస్కూల్ హాల్లో కూర్చుంటే, బీరువాల మీది మిషన్లు కిందికి దిగుతాయి. అక్కడ మొదటిసారి వై కొట్టిన తొమ్మిదో తరగతి పిల్ల వచ్చే నెల ఇంకొకరి పక్కన కూర్చోగలదు.

దానికి కావలసినవి పెద్దగా ఏం లేవు. ఆల్పైన్, డెబియన్ రాసి ఉంచిన పెన్‌డ్రైవులు, నెట్ కోసం కేబుళ్లతో రెండు మూడు ఫోన్లు, సీఆర్2032 సెల్లులు, చిన్న స్క్రూడ్రైవరు, తెలుగులో ప్రశ్నల కాగితం జిరాక్సులు. ప్లగ్ బోర్డులు మాత్రం ఎక్కువే కావాలి, పాత బ్యాటరీలు నిలబడవు. రమ్మని పిలిచేటప్పుడే ఫోటోలు, సర్టిఫికెట్లు వేరే చోటికి ఎక్కించుకుని రమ్మనాలి. అది చేయకుండా వచ్చినవాళ్లకి ఆ పూట ప్రశ్నలన్నీ చూపించి, డిస్క్ దగ్గర ఎంటర్ కొట్టించి, వచ్చే నెల రమ్మని పంపాలి.